నూనె పంపకం

పుంగనూరులో ఒక గానుగ ఇల్లు ఉండేది. వాకిట్లో చింతచెట్టు, చెట్టు కింద రాతి గానుగ, గానుగ చుట్టూ ఎద్దు తొక్కి తొక్కి బండబారిన గుండ్రటి బాట. తెల్లవారుజామున రోకలి కిర్రుమనడం మొదలైతే వీధి చివరి ఇంటిదాకా వినబడేది. ఆ చప్పుడు వినబడని రోజున, ఎద్దుకు జబ్బో పెద్దాయనకు జబ్బో అని జనం వచ్చి చూసి పోయేవాళ్ళు.

ఆ ఇంట్లో మూడు భాషలు కాపురం చేసేవి. పెద్దాయనది పుంగనూరు తెలుగు. ఆయన భార్య సరిహద్దుకు అవతల, ముళబాగిలు పక్క పల్లెలో పుట్టిన మనిషి. నలభై ఏళ్ళు తెలుగింట్లో మెలిగినా కోపం వస్తే కన్నడమే, నిద్రలో పలవరిస్తే కన్నడమే. సంక్రాంతికి పుట్టింటి ఆనవాయితీ తప్పకుండా ఎళ్ళుబెల్ల కలిపేది. నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి ముక్కలు కలిపి వీధంతా పంచేది.

మూడో భాష కుప్పం నుంచి వచ్చింది. పెద్దాయన చెల్లెల్ని కుప్పంలో ఇచ్చారు. ఆమె పోయాక, అయిదేళ్ళ పిల్లవాణ్ణి పెద్దాయన భుజాన వేసుకొని తెచ్చుకున్నాడు. వచ్చిన కొత్తలో ఆ మేనల్లుడి మాట సగం తెలుగు, సగం తమిళం. ఆకలేస్తే నోటికి ఏ భాష ముందొస్తే ఆ భాషలో ఏడ్చేవాడు.

కన్నకొడుకూ మేనల్లుడూ ఒకే కంచంలో సంగటి తిని పెరిగారు. ఇద్దరూ గానుగ మాను మీద కూర్చొని ఎద్దును తోలారు. రోట్లో విత్తనాలు పోసి, కాసిని నీళ్ళు చిలకరించి, ఓపిగ్గా కూర్చోవాలి. ముందు పొడి అవుతుంది, తర్వాత ముద్ద అవుతుంది, ఆ తర్వాత ముద్ద అంచుల్లో చెమట పట్టినట్టు నూనె తేరుతుంది. నీళ్ళు ఒక చారెడు ఎక్కువైతే ముద్ద జారిపోతుంది, తక్కువైతే నూనె దిగదు. ఆ చారెడు లెక్క కొడుకు కళ్ళతో నేర్చుకున్నాడు, మేనల్లుడు వేళ్ళతో నేర్చుకున్నాడు. నూనె డబ్బాల్లోకి పోయేది, చెక్క ఆవుకు పోయేది. ఆవంటే పుంగనూరు ఆవు. నిండా పెరిగినా మూడడుగుల ఎత్తు, పిల్లలు కూడా వంగి మాట్లాడాల్సినంత. మామూలు ఆవు పాలలో వెన్న నూటికి 3, 4 పాళ్ళుంటే ఈ పొట్టి ఆవు పాలలో 8 పాళ్ళదాకా ఉంటుంది. కాబట్టి ఆ ఇంట్లో నూనెకూ కొదవ లేదు, నెయ్యికీ కొదవ లేదు.

పెద్దాయన కూతుర్ని మేనల్లుడికే ఇచ్చి పెళ్ళి చేశాడు. కొడుక్కి మదనపల్లె నుంచి కోడల్ని తెచ్చాడు. కొన్నేళ్ళకు ఆయనకు మోకాళ్ళు పట్టేసి మంచం మీదికి చేరాడు. గానుగ ఒక్కటే, ఇల్లు ఒక్కటే, ఏలుకునేవాళ్ళు ఇద్దరు. అడగక తప్పని మాటను ఒక సాయంత్రం కొడుకు అడిగేశాడు.

“నాయనా, గానుగ సంగతి తేల్చు. నేను ఈ ఇంటి వేరును. బావ కుప్పం నుంచి వచ్చినోడు. వానికి కూలి ఇస్తాను, కూలికి మించే ఇస్తాను. భాగమంటే ఎట్ల? వేరు ఎవురిదో ఇల్లు వాళ్ళది. అది న్యాయం కదా?”

తలుపు చాటున మేనల్లుడు చెక్క ముక్కలు చేస్తున్నాడు. సుత్తి ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

పెద్దాయన ఏమీ అనలేదు. తెల్లారి ఇద్దర్నీ పిలిచి, మంచం ముందు ఒక చెంబు పెట్టించాడు. చెంబు నిండా నూనె.

“దీంట్లో ఇద్దరుండారు. వాళ్ళను విడదీసి నాకు చూపించండి. మూడు దినాలు టైము. చూపించినోడిదే గానుగ.”

కొడుకు చెంబులోకి తొంగి చూశాడు. “ఇద్దరా? నూనె ఒకటే కదా నాయనా.”

“ఇద్దరు. నీకు ఒక గుర్తు చెప్తా. ముందుండేది నువ్వే.”

కొడుకు మొహం వెలిగింది. ముందుండేది తానేనని తండ్రే ఒప్పుకున్నాక ఇక పోటీ ఏముంది? మేనల్లుడు తల వంచుకున్నాడు. ఆ మాట అతనికీ అలాగే వినబడింది.

మొదటిరోజు కొడుకు నూనెను రెండు గిన్నెల్లో పోసి తెచ్చాడు. “ఇవి ఇద్దరు కాదు. ఒక్కడే రెండు చోట్ల కూర్చున్నాడు” అన్నాడు పెద్దాయన. తర్వాత పొయ్యి మీద పెట్టి కాచాడు. పొగ వచ్చింది, నూనె నూనెలాగే ఉంది. రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున మడ్డి పేరింది. “ఇదిగో, పైన నూనె, కింద మడ్డి” అన్నాడు. “మడ్డి కూడుకొని వచ్చింది, తీసేస్తే పోతుంది. నేనడిగింది, తీసేస్తే నూనే మిగలని ఇద్దర్ని” అన్నాడు పెద్దాయన.

మేనల్లుడు చెంబు జోలికి పోలేదు. చిన్నప్పుడు తన నోట్లో రెండు భాషలు ఎట్లా కలిసిపోయాయో అతనికి గుర్తుంది. వేళ్ళతో విడదీసేవి కొన్ని, చెవులతో విడదీసేవి కొన్ని. అతను కుప్పం బస్సెక్కాడు.

కుప్పం రైల్వే స్టేషను దగ్గర ఒక చిల్లర కొట్టు ముందు సాయంత్రం దాకా కూర్చున్నాడు. కొట్లో ఒక పెద్ద డబ్బా, డబ్బాలో పొడుగు కాడ గరిటె. తలలో మల్లెపూలు పెట్టుకున్న ఒకామె వచ్చి “ఎణ్ణెయ్ కుడుంగ” అంది. కొట్టాయన గరిటె ముంచి సీసాలో పోశాడు. కోలారు వైపు నుంచి కూలికి వచ్చిన మనిషి గిన్నె చాపి “ఎణ్ణె కొడి” అన్నాడు. అదే గరిటె మళ్ళీ మునిగింది. పరుగున వచ్చిన ఒక చిన్నపిల్ల “నూనె ఇయ్యన్నా, అమ్మ బాండ్లి పొయ్యి మీద పెట్టేసింది” అంది. గరిటె మళ్ళీ అదే డబ్బాలోకి దిగింది. ముగ్గురికీ ఎవరి భాషలో వాళ్ళకు చిల్లర లెక్క చెప్పి పంపాడు కొట్టాయన.

ఎణ్ణెయ్. ఎణ్ణె. నూనె. మేనల్లుడు మూడు మాటల్నీ నోట్లో తిప్పుకుంటూ రాత్రి బస్సులో కూర్చున్నాడు. తలలు వేరేవేరే ఉన్నాయి. తోక మాత్రం మూడింటికీ ఒకటే.

అదే రోజు కొడుకు అత్తగారి ఊరు మదనపల్లె వెళ్ళాడు. నూనె దుకాణాలవాళ్ళు నవ్వారు. చివరికి మామగారు, “వస్తువు తెగనప్పుడు మాటను తెంపి చూడు” అని, బీసెంట్ కాలేజీ దారిలో ఉండే ముసలి తెలుగు అయ్యవారి దగ్గరికి తీసుకుపోయాడు. అయ్యవారు వాలుకుర్చీలో కూర్చొని అంతా విన్నాడు.

“మీ నాయన గట్టివాడు. నూనె ఒక మాట కాదు నాయనా, రెండు మాటలు. నువ్వులు, నెయ్యి. నువ్వును పాత తెలుగులో నూవు అని కూడా అనేవాళ్ళు. నూవు నెయ్యి, నూనెయ్యి, నూనె. అంటే నువ్వుల నుంచి తీసిన నెయ్యి. నెయ్యి అంటే అప్పట్లో ఆవు నెయ్యి ఒక్కటే కాదు, జిడ్డుగా ఉండే కొవ్వు ఏదైనా నెయ్యే.”

కొడుకు నోరు తెరిచాడు. “ముందుండేది నువ్వే” అన్న మాట అప్పుడు అర్థమైంది. తండ్రి చెప్పింది తన గురించి కాదు, నల్లటి చిన్న గింజ గురించి.

అయినా గెలుపు గెలుపే. మూడోరోజు పొద్దున్నే ఒక ఆకులో గుప్పెడు నువ్వులు, ఒక ఆకులో ముద్ద నెయ్యి పెట్టి తండ్రి మంచం ముందు పెట్టాడు. “ఇద్దర్నీ తెచ్చినా. ఈ నువ్వులు, ఈ నెయ్యి.”

పెద్దాయన నవ్వాడు. “శభాష్.” మేనల్లుడి వైపు తిరిగి, “నీది?” అన్నాడు.

“నాకు విప్పేదానికి రాలేదు మామా. తోక ఒకటే అని మాత్రం వినింటి. కుప్పంలోనూ, అత్త వాళ్ళ పక్కనా, మన ఇంట్లోనూ చివర్లో ఒకటే సద్దు.”

“సరే, అది నీ దగ్గర పెట్టుకో. పని పడుతుంది” అన్నాడు పెద్దాయన. తర్వాత కొడుకుతో, “గానుగ నీదే. కానీ నువ్వు చెప్పిన న్యాయం గానుగకు కూడా వర్తించల్ల కదా. వేరు ఎవురిదో ఇల్లు వాళ్ళది అన్నావు. ఇప్పుడు నువ్వే తేల్చినావు, నూనె అనే ఇంటికి వేరు నువ్వులు. మన గానుగలో ఇన్నేండ్లుగా ఏం ఆడిస్తా ఉండాం?”

“చెనక్కాయలు.”

“దాంట్లో నువ్వులుండాయా?”

“లేవు.”

“నెయ్యి?”

“లేదు.”

“అయితే చెనక్కాయ వేరే ఊరి నుంచి వచ్చి నువ్వుల ఇంట్లో దూరింది. బయట పెట్టు. రేపు మదనపల్లె సంతకు నాలుగు డబ్బాలు తీసుకుపో. ఏ పేరన్నా పెట్టి అమ్ముకో. నూనె అని మాత్రం నీ నోట రాకూడదు. ఆ ఒక్క మాట నిలబెట్టుకుంటే ఇల్లూ నీదే, గానుగా నీదే.”

కొడుక్కి ఇది పెద్ద షరతుగా కనబడలేదు. పేరుదేముంది?

మదనపల్లె సంతలో ఒక పక్క టమోటా గంపలు, ఒక పక్క ఉర్లగడ్డ మూటలు, ఎర్రగడ్డ రాశులు. నడుమ కొడుకు నాలుగు డబ్బాలు పెట్టుకొని కూర్చున్నాడు. ఒకామె వచ్చింది.

“ఏమమ్ముతా ఉండావప్పా?”

“చెనక్కాయ జిడ్డు.”

“జిడ్డా? తలకా, బండి ఇరుసుకా?” అని నవ్వుకుంటూ పోయింది.

జిడ్డు బాగాలేదనుకొని రసమన్నాడు. “చెనక్కాయ రసం! చెనక్కాయ రసం!” ఒకాయన ఆగాడు. “దేనికి మంచిది? చక్కెర రోగానికా?” కాదంటే ముందుకు నడిచాడు. తర్వాత “చెనక్కాయ పిండితే వచ్చింది” అని అరిచి చూశాడు. పిల్లలు గుమిగూడారు, కొనేవాళ్ళు లేరు. ఎండ నడినెత్తికి వచ్చింది. పక్కన టమోటా గంపలు సగం ఖాళీ అయ్యాయి, అతని డబ్బాలు మూత కూడా తీయకుండా ఉన్నాయి.

చివరికి ఒక ముసలామె చేతిసంచీలోంచి సీసా తీస్తూ వచ్చింది. ఏమని అడగలేదు. మూత తీయించి, వేలు ముంచి, ముక్కు దగ్గర పెట్టుకుంది. “ఓయబ్బ, మంచి నూనె కదా ఇది! దీన్ని రసమనీ జిడ్డనీ అరుస్తా ఉండావే, నూనె అనేదానికి నోరు పడిపోయిందా?”

“నూనె అనకూడదు అవ్వా. దీంట్లో నువ్వుల్లేవు, నెయ్యి లేదు.”

ముసలామె అతన్ని కింద నుంచి పైదాకా చూసింది. “నేను నువ్వులడిగితినా? నెయ్యి అడిగితినా? వడలు కాల్చేదానికి నూనె అడిగితి. ఉంటే పొయ్యి, లేకుంటే లేదను.”

పోయడానికి గరిటె తీశాడు. తీసి ఆగాడు. పోస్తే నూనె అని ఒప్పుకున్నట్టు, పోయకపోతే ముసలామె సీసా ఖాళీ. ఆమె కాసేపు చూసి, విసుక్కొని పక్క వీధికి వెళ్ళిపోయింది.

రాత్రి నాలుగు నిండు డబ్బాలతో కొడుకు ఇంటికి వచ్చాడు. తల్లి దీపం పెట్టింది. పెద్దాయన అడగలేదు. కొడుకే మంచం దగ్గర కింద కూర్చున్నాడు.

“నాయనా, వేరును పట్టుకుంటే సరుకు అమ్ముడుపోలేదు.”

“నువ్వులు కూడా అట్లే అనుకోలేదు కాబట్టి మనం ఇన్నాళ్ళు తిన్నాం” అన్నాడు పెద్దాయన. “చెనక్కాయ వచ్చిననాడు, ఈ పేరు మాది, నువ్వు బయట నిలబడు అని నువ్వులు తలుపు మూసింటే దానికి పేరే లేకపోను. తలుపు తీసిపెట్టింది కాబట్టి మన పొయ్యి మండింది.” మేనల్లుణ్ణి దగ్గరికి పిలిచాడు. “ఇప్పుడు చెప్పు, నీ దగ్గర దాచి పెట్టుకున్న తోక ఏంది?”

“నెయ్ మామా. ఎణ్ణెయ్‌లో నెయ్, ఎణ్ణెలో నెయ్, నూనెలో నెయ్.”

లోపలి నుంచి పెద్దామె అంది, “అదెట్ల? మా పక్క నెయ్యిని తుప్ప అంటాం కదా.”

“అదే అత్తా. ఉత్త నెయ్యి అనే మాట మీ ఇండ్లల్లో ఎవరూ పలకరు. ఎణ్ణెలోనూ బెణ్ణెలోనూ దాగి ఉంది. మీ సంక్రాంతి ఎళ్ళు ముందర, దాగిన నెయ్ వెనక, కలిస్తే ఎణ్ణె.”

పెద్దాయన ఆకులో మిగిలిన నువ్వుల్నీ నెయ్యినీ ఒకే అరచేతిలో వేసుకున్నాడు. “విడదీసేది మీ ఇద్దరూ చేసినారు. కలిసిందెట్లో చూసినారా? నూవు తన ‘వు’ను వదులుకుంది. నెయ్యి తన ‘య్యి’ని వదులుకుంది. ఎవురూ నిండుగా లేరు, ఎవురూ పూర్తిగా పోలేదు. ఇద్దరూ ఒక అక్షరం తగ్గితేనే ఒక మాటయినారు. తగ్గనంటే నువ్వుల మూట నువ్వుల మూటే, నేతి గిన్నె నేతి గిన్నే.”

తెల్లవారుజామున వీధికి రోకలి చప్పుడు వినబడింది. లేచి చూసినవాళ్ళకు, గానుగ మాను మీద మేనల్లుడు, రోటి దగ్గర విత్తనాలు పోస్తూ కొడుకు కనబడ్డారు. “బావా, నీళ్ళు చాలునా?” అని కొడుకు అడుగుతున్నాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక ఆచారం పడింది. ఏడాదంతా చెనక్కాయలు ఆడినా, సంక్రాంతికి ముందు ఒక్క గానుగ మాత్రం నువ్వులే ఆడించేవాళ్ళు. ఆ తొలి నూనెతో దీపం వెలిగించి, తక్కినది ఎళ్ళుబెల్లతోపాటు వీధికి పంచేవాళ్ళు.

ఇదీ కథ. కథలో మనుషులు కల్పన, మాటలు నిజం.

నూనె నిజంగానే నువ్వుల నెయ్యి. తమిళంలో నువ్వులు ఎళ్, నేతికి నెయ్, కలిస్తే ఎణ్ణెయ్. కన్నడంలో ఎళ్ళు, నెయ్, కలిస్తే ఎణ్ణె. తెలుగు తన గింజ పేరును వేరుగా పెట్టుకుంది కానీ మాట కట్టే తీరు మాత్రం అక్కచెల్లెళ్ళ తీరే. వెన్నది కూడా ఇదే పుట్టుక. తమిళ వెణ్ణెయ్ అంటే తెల్ల నెయ్యి, కన్నడంలో బెణ్ణె, మనకు వెన్న. కుప్పం లాంటి చోట, మూడు రాష్ట్రాలు కలిసే మూల మీద, కొట్టు ముందు గంటసేపు నిలబడితే ఈ పాఠం చెవిన పడుతుంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని కుప్పంలోనే పెట్టారు. ఆ మాటల్ని చదువుకోవడానికి అంతకంటే తగిన ఊరు దొరకదు.

సంస్కృతం దగ్గరికి పోయినా గింజ మారదు. తిల అంటే నువ్వులు, తిల నుంచి వచ్చింది తైలం. మనం కొబ్బరి తైలం అన్నా, యూకలిప్టస్ తైలం అన్నా పేరులో నువ్వులు నలుగుతూనే ఉన్నాయి. పడమటికి పోతే నువ్వుల చోట ఆలివ్ కాయ కూర్చుంటుంది. లాటిన్ ఓలియం ఆలివ్ కాయల నూనె. ఇంగ్లీషు ఆయిల్ దాని మనవడు. నార్వేవాళ్ళ ఓల్యె కూడా దాని మనవడే. ఆలివ్ తోటలు పెరగని చలిదేశం నార్వే. 1969లో ఉత్తర సముద్రం అడుగున ఎకోఫిస్క్ దగ్గర వాళ్ళకు పెట్రోలియం దొరికింది. ఆ దేశం దశ తిప్పిన ఆ నల్లటి ద్రవాన్ని ఇంట్లో వాళ్ళు పిలిచేది ఓల్యె అనే. సముద్రం కింద రాతిలోంచి వచ్చిన చమురును ఆలివ్ కాయ తన ఇంటిపేరు ఇచ్చి చేర్చుకుంది. మన పల్లెల్లో కిరసనాయిలును సీమనూనె అని నువ్వులు చేర్చుకోలేదా, అలాగే.

అదే నార్వేలో కిటికీని విందు అంటారు. మన విందుభోజనం కాదు, పాత నార్స్ భాషలో విందౌగ అనే మాట అరిగి అలా అయింది. వింద్ అంటే గాలి, ఔగ అంటే కన్ను, కలిస్తే గాలికన్ను. ఇంగ్లీషు విండో కూడా ఆ ఇంటి పిల్లే. ఒకప్పుడు పొగ పోవడానికీ వెలుగు రావడానికీ వదిలిన రంధ్రం అది. ఇప్పుడు ఆ చలిదేశపు కిటికీలకు గాలి చొరకుండా పొరలు పొరలుగా అద్దాలు బిగిస్తారు. గాలి రాని గాలికన్ను! అయినా అది కిటికీ కాదని ఎవరూ అనరు. మనం గవాక్షం అంటాం. గోవు, అక్షి, అంటే ఆవు కన్ను. గవాక్షం లోంచి చూసేవాళ్ళెవరికీ ఆవు గుర్తు రాదు.

అంతెందుకు, మదనపల్లె పొలాల్లో విరగకాసే వేరుశనగ, అంటే మన కథలోని చెనక్కాయ సంగతే చూడండి. పేరులో వేరు ఉంది, కాయ కాసేది మాత్రం వేరుకు కాదు. పూత రాలాక ఊడ దిగి, నేలలోకి పోయి, మట్టి చీకట్లో కాయ అవుతుంది. పేరులో శనగ ఉంది, అది శనగా కాదు. దక్షిణ అమెరికా నుంచి సముద్రాలు దాటి వచ్చిన గింజ. పక్క గంపలో ఉన్న టమోటాదీ, మూటలో ఉన్న ఉర్లగడ్డదీ అదే దారి. ఉర్లగడ్డ అనే పేరు మళ్ళీ మనకు ఎదురింటి నుంచి వచ్చింది. తమిళంలో ఉరుళై అంటే దొర్లేది, దానికి మన గడ్డ తోడైంది. రాయలసీమ వంటింట్లో ఒక పూట కూర చెయ్యాలంటే ఎన్ని దేశాలు, ఎన్ని భాషలు పొయ్యి చుట్టూ చేరాలో చూడండి.

మాటను విప్పడం మంచి అలవాటు. కానీ విప్పేవాడికి రెండు జాగ్రత్తలు కావాలి. మొదటిది, అతుకు ఉన్నచోటే విప్పాలి. నూనె చివర నెయ్యి దొరికింది కదా అని తేనె చివర కూడా నెయ్యిని వెతికితే దొరకదు. తమిళంలో అది ఉత్త తేన్, కన్నడంలో జేను. అక్కచెల్లెళ్ళ ఇంట్లో ఆ తోక కనబడనప్పుడు మన ఇంట్లో మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది? రెండోది, కొడుకు మదనపల్లె సంతలో ఎండకు మాడి నేర్చుకున్నది. మాట పుట్టుక దాని చరిత్ర చెబుతుంది, దాని మీద హక్కు ఎవరిదో చెప్పదు. నూనె ఎక్కడ పుట్టిందో అయ్యవారికి తెలుసు. ఇప్పుడు నూనె ఏదో ముసలామెకు తెలుసు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకరి నిజంతో రెండోవారి సీసా ఖాళీగా పంపడం తప్పు.

ఇళ్ళకూ ఇదే లెక్క. వేరు ఎవరిదని అడగడం మొదలుపెడితే, ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించడానికి హక్కున్నవాడు మిగలడు. కోడలు బయట నుంచి వచ్చింది, అల్లుడు బయట నుంచి వచ్చాడు, పప్పులో టమోటా సముద్రం అవతల నుంచి వచ్చింది. సంస్కృతంలో స్నేహం అనే మాటకు రెండర్థాలు. ఒకటి ప్రేమ, రెండోది జిడ్డు. నెయ్యి, నూనె, కొవ్వు, మజ్జ, ఈ నాలుగింటినీ ఆయుర్వేదం చతుస్స్నేహాలంటుంది. ఆ మాట మొదట పెట్టినవాళ్ళు ఏ గానుగ దగ్గర కూర్చున్నారో గానీ, రాయికీ రాయికీ మధ్య చేరి రాపిడి తగ్గించేదేదో వాళ్ళకు బాగా తెలుసు.

నీతి: పుట్టినచోటును మరవకు, దాన్ని తలుపు గొళ్ళెం చెయ్యకు. కలవాలంటే ఇద్దరూ ఒక అక్షరం తగ్గాలి.